అలిఫ్: పలుకు లేని తొలి అక్షరం

మా తాతగారి ట్రంకుపెట్టెలో ఉర్దూ కాగితాల కట్ట ఒకటి ఉండేది. నిజాము రాజ్యంలో పుట్టి ఉర్దూలోనే బడిచదువు సాగించిన తరం ఆయనది. ఆయన పోయిన తరువాత ఆ కట్ట విప్పి చదవగలవారు మా ఇంట్లో ఎవరూ లేకపోయారు. అవి శిస్తు రసీదులో, చేబదులు పత్రాలో, ఉత్తరాలో కూడా మాకు తెలియదు. నాకు బాగా గుర్తున్నది ఒక్కటే. చాలా కాగితాల అడుగున ఒక పొట్టి వరుస ఉండేది. దానికి కుడివైపు కొసన, పక్క అక్షరంతో కలవకుండా, ఒక నిలువుగీత ఉండేది. మన పద్యాల చివర గీసే గీత వంటిదేమో, మాట ముగిసిందని చెప్పడానికి గీశారేమో అనుకునేవాణ్ణి. ఉర్దూ అంకెల్లో ఒకటి కూడా నిలువుగీతే అని తెలిశాక అది అంకె కావచ్చుననీ అనుకున్నాను.

చాలాకాలానికి, నడివయసులో, ఆ లిపి నేర్చుకోవాలన్న కోరిక పుట్టింది. పాతబస్తీలో ఉద్యోగవిరమణ చేసిన ఒక అరబ్బీ పంతులుగారు దొరికారు. అందరూ ఆయన్ని మౌల్వీసాబు అనేవారు, నేనూ అలాగే పిలిచాను. మొదటిరోజు పలక మీద ఒక నిలువుగీత గీసి "అలిఫ్" అన్నారు. "అంటే మన 'అ' అన్నమాట" అన్నాను. ఆయన నవ్వి, "కాదు బాబూ. దీనికి సొంత ఆవాజు లేదు. ఇది కుర్సీ. ఎవరొచ్చి కూర్చుంటే వాళ్ల మాట పలుకుతుంది" అన్నారు. వర్ణమాలలో మొదటి అక్షరానికి పలుకు లేకపోవడమేమిటి? ఆ సందేహం వెంట పోగా తెలిసిన సంగతులే ఈ వ్యాసం.

మొదట్లో అలిఫ్‌కు గొంతు ఉండేది. ఇంకా మొదట్లో కొమ్ములు కూడా ఉండేవి. సినాయి ద్వీపకల్పంలో సెరాబిత్ అల్ ఖాదిమ్ అనే చోట ఈజిప్టువారి పచ్చరాళ్ల గనులుండేవి. అక్కడి రాళ్లమీద చెక్కిన వింత గుర్తులను ఫ్లిండర్స్ పెట్రీ 1905లో కనుగొన్నాడు. 1916లో అలన్ గార్డినర్ వాటిలో ఒక దేవత పేరును గుర్తించి, ఆ గుర్తులు సెమిటిక్ కుటుంబానికి చెందిన భాషలో వ్రాసిన అక్షరాలని చూపాడు. క్రీస్తుకు పూర్వం సుమారు 1800 నాటివని చెప్పుకునే ఆ గుర్తుల్లో ఎద్దుతల ఒకటి. సెమిటిక్ భాషల్లో ఎద్దుకు 'అలెఫ్' అని పేరు. ఎద్దు బొమ్మ వేసి, ఎద్దు అన్న మాటలోని మొదటి ధ్వనిని మాత్రం తీసుకున్నారు. మనం పిల్లలకు 'అ అంటే అమ్మ' అని చెప్పే పద్ధతిని తిరగవేసినట్లు, అక్కడ బొమ్మ నుంచి అక్షరం పుట్టింది.

ఆ మొదటి ధ్వని 'అ' కాదు, హల్లు. 'ఆ... ఆ' అని రెండుమార్లు విడగొట్టి పలికి చూడండి. రెండో 'ఆ'కు ముందు గొంతు క్షణకాలం మూసుకుని తెరుచుకుంటుంది. ఆ నొక్కునే సెమిటిక్ భాషలు ఒక హల్లుగా లెక్కించాయి. తెలుగులో దానికి అక్షరం లేదు. గ్రీకులకూ లేదు. అందుకే ఫినీషియన్ల దగ్గర ఈ లిపి నేర్చుకున్న గ్రీకులు, తమకు పనికిరాని ఆ హల్లును వదిలి, గుర్తును మాత్రం 'అ' అనే అచ్చుకు వాడుకున్నారు. అదే ఆల్ఫా. ఐరోపా లిపులన్నిటి మొదటి అక్షరం అటు నుంచి వచ్చింది. ఇటు అరమాయిక్ మీదుగా, పెట్రా రాజధానిగా ఏలిన నబాతీయుల లిపి మీదుగా సాగిన శాఖ అరబ్బీ అయింది. సిరియాలోని నమారా వద్ద దొరికిన, క్రీ.శ. 328 నాటి సమాధిశాసనంలో భాష అరబ్బీ, లిపి నబాతీయం. అది ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉంది. ఈ ప్రయాణంలో ఎద్దుతల అరిగి, కొమ్ములు ఊడి, చివరకు నిలువుగీతగా మిగిలింది.

రూపం అరిగినట్లే పలుకూ అరిగింది. మక్కా, మదీనాలున్న హిజాజు ప్రాంతపు పలుకుబడిలో గొంతునొక్కు చాలా చోట్ల జారిపోయింది. తూర్పున తమీము తెగవారి పలుకులో నిలిచింది. 'తల' అనే అర్థమున్న మాటలో ర, స అనే హల్లుల నడుమ మూలంలో ఈ నొక్కు ఉండేది. హిజాజులో అది 'రాస్' అయింది. వ్రాతలో మాత్రం అలిఫ్ అలాగే ఉంది. చదివేవాడికి అక్కడ వినిపిస్తున్నది దీర్ఘం. పదాంతంలో దీర్ఘానికి అలిఫ్ వ్రాసే అలవాటు అరమాయిక్ నాటి నుంచే ఉన్నది. ఇప్పుడు పదం నడుమ కూడా అలిఫ్ అంటే 'ఆ' అని చదవడం స్థిరపడసాగింది. అలా హల్లుగా పుట్టిన అక్షరం దీర్ఘపు గుర్తుగా మారింది.

ఖురాను లిఖితరూపం హిజాజు వ్రాతలో ఏర్పడింది. దాన్ని గొంతునొక్కులు పలికే పద్ధతిలో కూడా చదివేవారున్నారు. వ్రాత ఒకటి, చదువు ఒకటి అయినప్పుడు గుర్తులు కావలసివచ్చాయి. ఈ పనికి పూనుకున్నవారిలో తొలివాడు బస్రా నగరవాసి అబుల్ అస్వద్ అల్ దుఅలీ అని సంప్రదాయం చెబుతుంది. ఆయన క్రీ.శ. 688 ప్రాంతంలో మరణించాడు. ఆయన కూతురి కథ ఒకటి అరబ్బీ వ్యాకరణ పాఠాల్లో తప్పక చెబుతారు. ఒక రాత్రి ఆ పిల్ల ఆకాశం చూసి, "ఆకాశం ఎంత అందంగా ఉందో!" అనబోయి, విభక్తి తప్పి, "ఆకాశంలో అన్నిటికన్న అందమైనది ఏది?" అని అర్థం వచ్చేట్టు పలికిందట. తండ్రి "నక్షత్రాలమ్మా" అన్నాడు. "నేను అడగలేదు, ఆశ్చర్యపోయాను" అందట ఆమె. 'అహ్సన', 'అహ్సను' అన్న రెండు రూపాల మధ్య చివరి అచ్చొక్కటే తేడా. అరబ్బీ వ్రాతలో ఆ అచ్చు కనబడదు. ఆయన రంగుసిరాతో అక్షరానికి పైన చుక్క పెడితే 'అ', కింద పెడితే 'ఇ', పక్కన పెడితే 'ఉ' అని ఏర్పాటు చేశాడని చెబుతారు. కథ నిజమైనా కాకపోయినా, అందులోని భయం నిజమైనది. భాష దూరదేశాలకు పోతున్నది, పరాయివారు నేర్చుకుంటున్నారు, పిల్లలు తప్పు పలుకుతున్నారు.

ఒక శతాబ్దం తరువాత అదే బస్రాలో ఖలీల్ ఇబ్న్ అహ్మద్ ఈ పనిని ముందుకు తెచ్చాడు. అరబ్బీ ఛందశ్శాస్త్రాన్ని ఏర్పరచినవాడూ ఆయనే. చుక్కలకు బదులు చిన్న అక్షరాలను పెట్టాడు. 'అ'కు పడుకోబెట్టిన బుల్లి అలిఫ్, 'ఉ'కు బుల్లి వావ్. పోయిన గొంతునొక్కుకు ఒక గుర్తు కావాలి. గొంతులోనే మరికొంత పైన పుట్టే 'ఐన్' అనే అక్షరం దానికి దగ్గరి చుట్టం. ఆ ఐన్ తలను కత్తిరించి చిన్నదిగా అలిఫ్ మీద కూర్చోబెట్టాడు. అదే హమ్జా. ఒకప్పుడు తనదే అయిన ధ్వనికి అలిఫ్ ఆనాటి నుంచి ఆసనమైంది. దాన్ని అరబ్బీ వైయాకరణులు కూడా 'కుర్సీ' అనే అంటారు. మన కుర్చీ ఆ మాట నుంచి వచ్చినదే. మౌల్వీసాబు చెప్పినది చమత్కారం కాదు, పరిభాష.

ఇదే ఖలీల్ పేరుతో అరబ్బీలో మొట్టమొదటి నిఘంటువు నిలిచి ఉంది. దాని పేరు 'కితాబుల్ ఐన్', అంటే ఐన్ గ్రంథం. ఆయన అక్షరాలను గొంతు నుంచి పెదవుల దాకా, పుట్టే చోటును బట్టి వరుసపెట్టాడు. మనకిది కొత్త కాదు. కవర్గం గొంతులో మొదలై పవర్గం పెదవులపై ముగుస్తుంది. ఆ లెక్కన గొంతులోని హమ్జానో, అలిఫో మొదట రావాలి. ఆయన రానివ్వలేదు. అలిఫ్ బలహీనాక్షరం, రూపాలు మార్చుకుంటుంది, లోపిస్తుంది, మరొకదానికి బదులు వస్తుంది. అటువంటిదాని మీద నిఘంటువుకు పునాది వేయలేమని ఐన్‌తో మొదలుపెట్టాడు. తొలి నిఘంటువులో తొలి అక్షరానికి తొలి పీట దక్కలేదు.

అసలు అది అక్షరమేనా అన్న తగవు తరువాత వచ్చింది. ఖలీల్ శిష్యుడు, పారసీక దేశస్థుడు అయిన సీబవైహి అరబ్బీ వర్ణాలు 29 అని లెక్కించాడు. హమ్జా వేరు, అలిఫ్ వేరు. 898లో మరణించిన ముబర్రద్, హమ్జాకు నిలకడైన రూపం లేదు కాబట్టి దాన్ని తీసివేసి 28 అన్నాడు. 1002లో మరణించిన ఇబ్న్ జిన్నీ ఆ మాటను ఖండించాడు. ఆయన వాదం నాకు చాలా నచ్చింది. ప్రతి అక్షరం పేరూ ఆ అక్షరపు ధ్వనితోనే మొదలవుతుంది. జీమ్‌లో మొదటిది జ, దాల్‌లో మొదటిది ద. 'అలిఫ్' అన్న పేరులో మొదట వినిపించేది గొంతునొక్కు. కాబట్టి ఈ నిలువుగీత పుట్టుకతో హమ్జాదే. మరి దీర్ఘమైన అలిఫ్ మాటేమిటి? అది పదం మొదట ఎన్నడూ రాదు, ఒంటరిగా పలకలేము. అందుకని పక్కన లామ్‌ను ఆసరాగా నిలిపి 'లా' అని వర్ణమాల చివర చేర్చారని ఆయన వివరణ. సినాయి రాళ్ల సంగతి తెలియని కాలంలో, పేరునుబట్టి మాత్రమే, ఆయన ఎద్దు మొదటి గొంతును పట్టుకున్నాడు.

నిఘంటువులో అలిఫ్‌కు మళ్లీ చోటు దొరికిన కథలో మన హైదరాబాదుకూ భాగముంది. 933లో మరణించిన ఇబ్న్ దురైద్, ఖలీల్ వరుస సామాన్యులకు కష్టమని తలచి, అందరికీ తెలిసిన అలిఫ్ మొదలు వరుసలోనే 'జమ్హరతుల్ లుఘా' అనే మహానిఘంటువును కూర్చాడు. వెయ్యేళ్లు వ్రాతప్రతుల్లో ఉన్న ఆ గ్రంథం అచ్చులో మొదటిసారి వెలువడినది హైదరాబాదులో. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1920లలో దాని ప్రచురణకు పూనుకున్నది.

ఇక వ్యాకరణంలో ఈ గీత చేసే పనులు. సొంత పలుకు పోగొట్టుకున్నది ఇన్ని పనులు చేయడం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

వాక్యం ముందు 'అ' చేరిస్తే ప్రశ్న అవుతుంది. 'దహబ్త' అంటే వెళ్లావు, 'అదహబ్త' అంటే వెళ్లావా. మనం ప్రశ్నార్థకమైన 'ఆ'ను చివర చేరుస్తాము, వారు ముందు చేరుస్తారు. చుట్టరికమేమీ లేని రెండు భాషలు ఒకే అచ్చును ఒకే పనికి పెట్టడం వట్టి కాకతాళీయం. అయినా మొదటిసారి చూసినప్పుడు ఊరివాడు కనబడినట్లయింది.

క్రియ ముందు అదే 'అ' వస్తే 'నేను' అని అర్థం: 'అక్తుబు', నేను వ్రాస్తాను. మరొక పద్ధతిలో వస్తే చేయించడమవుతుంది: 'జలస' కూర్చున్నాడు, 'అజ్లస' కూర్చోబెట్టాడు. ఈ చేయించే క్రియల నుంచి పుట్టే నామవాచకాల్లో ఆ 'అ' 'ఇ'గా మారి కనబడుతుంది. ఇనాము, ఇన్సాఫు, ఇస్లాం అన్న మాటల మొదటి 'ఇ' అదే. విశేషణం ముందు వస్తే ఆధిక్యం చెబుతుంది: 'కబీర్' గొప్పవాడు, 'అక్బర్' అంతకన్న గొప్పవాడు. రంగుల పేర్లకూ ఇదే అచ్చు: 'అహ్మర్' ఎర్రనివాడు. స్త్రీలింగంలో అలిఫ్ మొదటి నుంచి చివరకు పోతుంది: 'హమ్రా'. స్పెయిన్‌లోని అల్‌హంబ్రా కోట పేరులో ఉన్నది ఆ ఎర్రని మాటే.

కొన్ని మాటలకు బహువచనం అలిఫ్‌తో వస్తుంది, ముందొకటి నడుమ ఒకటి. 'ఖబర్' ఒక్కటైతే, 'అఖ్బార్' అనేకం. మొదటిది మనకు కబురుగా వచ్చింది, రెండవది ఉర్దూలో వార్తాపత్రిక అయింది. ద్వివచనానికి గుర్తూ అలిఫే: 'వలద్' కొడుకు, 'వలదాని' ఇద్దరు కొడుకులు. తెలుగులో ద్వివచనం లేకపోయినా సంస్కృతం చదివినవారికి ఇది వింత కాదు. ధాతువు మొదటి హల్లు తరువాత అలిఫ్ నిలిస్తే కర్త వస్తాడు: 'కతబ' వ్రాశాడు, 'కాతిబ్' వ్రాసేవాడు. మన హాజరులోని 'హా', జామీనులోని 'జా', వారసుడిలోని 'వా' ఈ అలిఫ్ దీర్ఘాలే.

పలకబడని అలిఫులూ ఉన్నాయి. 'అల్' అనే ఉపపదం మొదటి అలిఫ్, ముందు మరో మాట రాగానే మూగదవుతుంది. 'అబ్దు', 'అల్ రహ్మాన్' కలిస్తే అబ్దుర్రహ్మాన్. మన ఉత్వసంధిలో మొదటి పదం చివరి అచ్చు పోతుంది, వారి సంధిలో రెండో పదం మొదటి అచ్చు పోతుంది. మనం పూర్తి పేరనుకుని పిలిచే 'అబ్దుల్' నిజానికి ఆ సంధిలో సగం ముక్క. 'వారు వ్రాశారు' అనే 'కతబూ' చివర ఏ పలుకూ లేని అలిఫ్ ఒకటి వ్రాస్తారు. 'మరియు' అనే అర్థమిచ్చే 'వ' కూడా వావ్ అక్షరమే కాబట్టి, ఆ వావ్ ఏ మాటకు చెందినదో పొరబడకుండా వేరుచేసే కంచె అది అని వైయాకరణులు అన్నారు. కొడుకు అనే 'ఇబ్న్' మాటలోని అలిఫ్‌ను, కొడుకు పేరుకూ తండ్రి పేరుకూ నడుమ వస్తే వ్రాతలో సైతం తీసివేస్తారు. హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన హద్రమౌత్ అరబ్బుల పేర్లలో 'బిన్' అని కనబడేది అలా అలిఫ్ పోగొట్టుకున్న కొడుకే. మరియమ్మ కొడుకు ఈసా అన్నప్పుడు మాత్రం, తర్వాతిది తండ్రి పేరు కాదు కాబట్టి, అలిఫ్ ఉంచుతారు. దీనికి విరుద్ధంగా, అల్లా అన్న మాటలో దీర్ఘం పలుకుతాము, అలిఫ్ వ్రాయరు; ఖురాను ప్రతుల్లో చిన్న గీతగా పైన గుర్తు పెడతారు.

తెలుగులోకి వచ్చిన అరబ్బీ మాటల్లో ఈ భేదాలన్నీ చదునైపోయాయి. 'అసలు' మొదట ఉన్నది అలిఫ్, 'అమలు' మొదట ఉన్నది ఐన్. మన చెవికి రెండూ 'అ'. అరబ్బీలో ప్రశ్నను 'సుఆల్' అంటారు, నడుమ గొంతునొక్కుతో. పారసీకం, ఉర్దూల మీదుగా వచ్చేసరికి నొక్కు కరిగి వకారమైంది; మనకు సవాలు అయింది. హిజాజువారు మొదలుపెట్టిన పనిని మనం ముగించామన్నమాట.

అలిఫ్‌కు గౌరవం తెచ్చినవాడు బాగ్దాదు మంత్రి ఇబ్న్ ముఖ్లా. కలం మొనతో పెట్టిన చతురస్రపు చుక్కను కొలమానం చేసి, అన్ని చుక్కల ఎత్తున అలిఫ్‌ను నిలిపి, ఆ అలిఫ్ వ్యాసంగా వృత్తం గీసి, మిగతా అక్షరాలన్నీ ఆ వృత్తానికి ఒదగాలని లిపికళకు సూత్రం చెప్పాడు. పలుకు లేని అక్షరం అన్ని అక్షరాలకూ కొలబద్ద అయింది. రాజకీయాల్లో చిక్కిన ఆయన కుడిచేతిని శత్రువులు నరికించారు. తెగిన చేతికి కలం కట్టుకుని వ్రాసేవాడని చెబుతారు. 940లో చెరసాలలోనే మరణించాడు.

మన గణకయంత్రాల్లో కూడా ఈ తగవు తీరలేదు. యూనికోడ్ పట్టికలో వట్టి అలిఫ్ సంకేతం 0627. పైన హమ్జా ఉంటే 0623, కింద ఉంటే 0625, మద్దా ఉంటే 0622, సంధిలో మూగబోయేదైతే 0671. చేతివ్రాతలో అరబ్బులు తరచు హమ్జా వదిలేస్తారు, టైపులోనూ అంతే. అందువల్ల వెతికే యంత్రం వీటన్నిటినీ ఒకటిగా చూడకపోతే ఉన్న మాట కూడా దొరకదు. 'వ్రాత' అని వెతికితే 'రాత' దొరకక విసిగినవారికి ఈ కష్టం వేరే చెప్పనక్కరలేదు. అలిఫ్ ఒకటా, రెండా అని ముబర్రద్ నాడు పడిన సందేహమే వేరే రూపంలో మన తెరల మీదికి వచ్చింది.

కొన్ని నెలల తరువాత తాతగారి కట్టను మౌల్వీసాబు ముందు పెట్టాను. గొలుసుకట్టు వ్రాత కాబట్టి చదవడం నాకింకా చేతకాలేదు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని ఒక్కొక్కటే చూశారు. ఎక్కువ భాగం శిస్తు రసీదులు. రెండు ఉత్తరాలు. ఒకటి, తమ్ముడి చదువు మాన్పించవద్దని తండ్రికి వ్రాసుకున్నది. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. ఆ తమ్ముడు, మా చిన్నతాతగారు, చదువుకుని ఉపాధ్యాయులయ్యారు.

"మరి ఈ చివరి గీత?" అని అడిగాను.

"చివర కాదు బాబూ. ఎటు నుంచి చదువుతున్నావు?" అన్నారు.

అప్పుడు వెలిగింది. ఆ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. అలిఫ్ తన తరువాతి అక్షరంతో కలవదు, అందుకే విడిగా నిలబడింది. మా తాతగారి పేరు అకారంతో మొదలు. అక్కడ కూర్చున్నది తెలుగు 'అ'. ఇన్నేళ్లూ ముగింపు అనుకున్నది ఆయన సంతకంలో మొదటి అక్షరం.